ట్రాక్టరు మనిషి కట్టిన రేసు కారు

జహీరాబాద్ ఊరైనప్పటి నుంచి ఇక్కడ రేసు కారు కట్టిన మనిషిని నేనొక్కడినే. పాత చిన్న కారు, ఎనిమిది వందల సీసీ, మా ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. దాన్ని ఊడదీసి, మళ్లీ బిగించి, హైదరాబాద్ అవతలి రేసు ట్రాక్ మీదికి ఎక్కిస్తే గంటకు నూట అరవైలో పోయింది. చూసినవాళ్లంతా లేచి నిలబడ్డారు.

బస్టాండు హోటల్లో చాయ్ దగ్గర చెప్పినప్పుడు ఈ ముక్క బాగానే నడిచింది. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి కొంచెం ఆగుతోంది. ఆ కారు మీటరులో అంకెలే నూట నలభై దగ్గర అయిపోతాయి. కాబట్టి నూట అరవై మాట వదిలేద్దాం. జనం నిలబడిన మాట నిజమే, కానీ అక్కడ కూర్చోవడానికి కుర్చీలు లేవు. ఇక కట్టింది నేనొక్కడినే అన్నది... సరే, వరసగా చెబుతాను.

నేను ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. నా పని ట్రాక్టరుకు వెనక చక్రాలు బిగించడం. మా బిడ్డ ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో ఉంది. నేను బిగించిన కాలంలో "గట్టిగా ఉందా?" అని తన్ని చూసేవాళ్లం. వాళ్లు వెంట్రుక మందం తేడాను కూడా గేజి పెట్టి చూస్తారు. మా బిడ్డ ముప్పై నాలుగేళ్ల మనిషి. ఇంట్లో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పట్టకపోయినా వెనక్కి పంపించే రకం.

ఆమెకు కారు రేసు పిచ్చి ఎప్పుడు పట్టిందో నాకు తెలియదు. తెలిసేసరికి బాగా ముదిరింది. హైదరాబాద్ అవతలి ట్రాక్‌లో సొంత పాత కార్లు తెచ్చుకుని నడుపుకునే మామూలు మనుషుల కోసం ఒక పోటీ ఉందట. పొద్దున ఒక్కొక్కరికి మూడు చాన్సులు. అందులో ఒక్కసారైనా రెండు నిమిషాల లోపు చుట్టు తిరిగి వస్తేనే మధ్యాహ్నం అసలు రేసులో నిలబడనిస్తారు. లేకపోతే డబ్బా సర్దుకుని ఇంటికి. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఈ సంగతి చెబితే మగపిల్లలు నవ్వారట. "అక్కా, నువ్వు కొలతలు చూడు, బండి మేం నడుపుతం తియ్" అన్నారట. ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పు విప్పకుండానే నాతో అంది:

"నాయినా, ఒక్కసారి. మధ్యాహ్నం రేసుల నిలబడితె చాలు నాకు. గెలుచుడు గిలుచుడు అక్కర్లేదు. కాకుంటె బండిని పాత ఇనుపోనికి ఇచ్చేద్దం. మళ్ల ఈ ముచ్చటే ఎత్త."

మా బిడ్డ మాటంటే మాట. ఆ సంగతి నాకు తెలుసు, కారుకే తెలియదు.

పనులు పంచుకున్నాం. ఇంజను, బ్రేకులు చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్క షెడ్డు ఉన్న మెకానిక్ చూడాలి. అతను నాతోపాటు ఫ్యాక్టరీలో పనిచేసి ముందే మానేసినవాడు. నాకంటే చిన్న, నన్ను అన్నా అంటాడు. వాళ్ల ఇల్లు న్యాల్‌కల్ అవతల, కర్ణాటక గట్టు మీద. కోపం వస్తే, భయం వేస్తే అతని నోట్లోంచి ముందు కన్నడమే ఊడిపడుతుంది. సీటు, బెల్టు, కారు బోర్లా పడినా కప్పు నలగకుండా లోపల బిగించే ఇనుప పైపుల చట్రం, ఇవన్నీ మా బిడ్డ పని. ఊడదీయడం నా పని.

ఊడదీయడంలో నేను మొనగాణ్ని. రేసు కారు తేలిగ్గా ఉండాలి, అక్కర్లేనిదంతా పోవాలి అని బిడ్డ చెప్పింది. కారు నేల మీది పరుపు లాగేశాను. తలుపుల లోపలి అట్టలు పీకాను. పాటల డబ్బా పీకాను. స్టెప్నీ, జాకీ బయటికి. ఏసీ అయితే పైపులతో సహా నా చేత్తో పీకి, గోడకు ఆనించి, పక్కింటివాళ్లను పిలిచి చూపించాను. వెనక సీటు తీసి వరండాలో వేస్తే మా ఆవిడ దాని మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టింది. "ఇరవై ఏండ్ల సంది కార్ల ముంగట కూసున్న. ఎనక సీటు గింత మెత్తగుంటదని ఇప్పుడు తెలిసె" అంది.

తీసిన ప్రతి ముక్కనూ తూకం వేయాలని మా బిడ్డ పట్టు. తనిఖీ విభాగం కదా. ఇంట్లో కాంటా లేదు. సంచుల్లో వేసుకుని అల్లం వ్యాపారి షెడ్డుకు పోయాం. అక్కడ హమాలీలు అల్లం బస్తాలు దించుతున్నారు. ఆ బస్తాల నడుమ మేం కారు పరుపు సంచి పెట్టి తూచుతుంటే ఒకతను వచ్చి వాసన చూశాడు.

"అక్కా, ఈ అల్లం ఏ ఊరిది? బాగ ఎండినట్లున్నది."

"మా ఇంటిదే" అంది బిడ్డ, అంకె రాసుకుంటూ.

"మొలకొస్తదా?"

"వంద కిలోలు తీస్తె ఎగురుతది కూడ."

అన్నీ అయ్యాక చెరుకు లారీలు తూచే పెద్ద కాంటా మీదికి కారును ఎక్కించాం. లోపల కూర్చున్నాయన అద్దంలోంచి తల బయటపెట్టి, "లారీ ఏదో జర కాంటా మీదికి ఎక్కియ్యండి, చూస్త" అన్నాడు. ఎక్కించే ఉన్నాం మరి. వంద కిలోలకు పైగా తగ్గింది. మా బిడ్డ ముఖం చూడాలి. పదో తరగతిలో ఫస్టు క్లాసు వచ్చిన రోజున కూడా అంత నవ్వలేదు.

ఆ రోజు షెడ్డులో మెకానిక్, నేను ఇద్దరం కారు వెనక భాగం పట్టుకుని లేపాం. లేచింది! మంచం లేపినట్లు లేచింది. అతను నవ్వాడు. నేను మాత్రం ఇంకోసారి లేపి చూద్దామన్నాను.

మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మా ట్రాక్టరు మనుషుల లెక్కలో బరువంటే భద్రం. వెనక తేలిగ్గా ఉన్న ట్రాక్టరు దున్నేటప్పుడు ముందుకు పోదు, చక్రం అక్కడే తిరుగుతుంది, ఒక్కోసారి ముందు భాగం గాల్లోకి లేస్తుంది. అందుకే మా దగ్గర పొలానికి పోయే ట్రాక్టరు వెనక టైర్లలో గాలితో పాటు ముప్పావు వంతు నీళ్లు నింపుతారు. ఇక్కడ ఇది వింత కాదు, పంక్చరు షాపులో అడిగితే పైపు తెచ్చి కొడతారు. ముప్పై ఒక్క ఏళ్లు వెనక చక్రాలు బిగించిన మనిషికి, వెనక తేలిపోతున్న బండిలో బిడ్డ కూర్చుని గాలిలా పోతుందంటే ఏమనిపిస్తుంది?

రెండు రోజుల్లో పోటీ ఉందనగా, బిడ్డ డ్యూటీలో ఉన్న టైము చూసి షెడ్డుకు పోయాను.

"తమ్మీ, ఎనక తేలిగ్గున్నది. నీళ్లు కొడదం."

"దేంట్ల?"

"టైర్ల."

అతను చేతిలోని పానా కింద పెట్టాడు. "బ్యాడ అన్నా, బ్యాడ! వద్దు! ఇది ట్రాక్టరా? దీన్ని గుంజే చక్రాలు ముంగటున్నయ్. ఎనక బరువేస్తె ముంగట తేలిపోతది."

"ఎన్ని చక్రాలు బిగించిన ఈ చేతులతోని, నాకు తెల్వదా?"

"నువ్వు బిగించినయన్ని గంటకు ఇరవై పోయేటియి. బిడ్డను అడిగి కొడదం."

"అడిగితె వద్దంటది."

"గదే కదా నేను జెప్పేది!"

చాయ్ హోటల్లో నేను ఈ భాగం చెప్పేటప్పుడు సలహా మెకానిక్‌ది అన్నాను. కాదు. అతను చివరిదాకా తల అడ్డంగానే తిప్పాడు. పైపు పట్టుకున్నది నేను. ఒక్కో వెనక టైరులో పన్నెండు లీటర్ల నీళ్లు కొట్టి, పైన గాలి నింపి, చక్రాలు తుడిచి పెట్టాను. ఒట్టు వేయించుకున్నాను కూడా. అతను వేశాడు గాని, కన్నడంలో వేశాడు. అది ఒట్టో తిట్టో నాకు ఇప్పటికీ అనుమానమే.

మరుసటి రోజు బిడ్డ, "నాయినా, ఆఖరుసారి కాంటా మీద పెడదం" అంది.

"కాంటా బంద్ ఉన్నది బిడ్డా."

"చెరుకు సీజన్ల బందా?"

"చెరుకు వస్తలేదంట."

ఆ మాట నా నోట్లో ఉండగానే చెరుకు లారీ ఒకటి మా ఇంటి ముందు నుంచి గడలు రాల్చుకుంటూ పోయింది. దాని వెనక ఇంకొకటి. బిడ్డ నా వైపు చూసింది. నేను చెరుకు గడ ఏరుకోవడానికి వీధిలోకి పోయాను.

"సరె తియ్. టైర్ల గాలి మాత్రం నువ్వే జూడు. చక్రాల సంగతి నీకన్న ఎవరికి ఎక్కువ తెలుసు?" అంది నేను తిరిగి వచ్చాక. ఆ గడ నాకు తియ్యగా లేదు.

బయలుదేరే పొద్దున కారును చిన్న లారీ మీదికి ఎక్కించాం. మేం చర్చికి పోయే ఇల్లు. మా ఆవిడ ముసుగు సవరించుకుని, బానెట్ మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ బండి మెల్లగ పోవాలె, మెల్లగ రావాలె."

"అమ్మా! రేసుకు పోతున్న!"

"అందుకే జేస్తున్న."

మెకానిక్ తన వంతుగా ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. ఒక దేవుడి దగ్గర ఆలస్యమైతే ఇంకో దేవుడు చూసుకుంటాడని అతని ధీమా.

ట్రాక్ దగ్గర తనిఖీ చేసే అబ్బాయి బెల్టు లాగి చూశాడు, చట్రం తట్టి చూశాడు, బ్యాటరీ కదిపి చూశాడు. బంపరు దగ్గరికి వచ్చి ఆగాడు. "సార్, ఈ నిమ్మకాయ తీసెయ్యాలె. ఊడి ఎనకటోని అద్దానికి తగులుతది."

"తగిలితె వానికి దిష్టి పోతది" అన్నాడు మెకానిక్. అయినా తీసి జేబులో వేసుకున్నాడు. టైర్ల గాట్లు చూసి అబ్బాయి తల ఊపాడు. నేను పక్కన నిలబడి ఆకాశం చూశాను.

మొదటి చాన్సు. మా బిడ్డ హెల్మెట్ పెట్టుకుని పోతుంటే నాకు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి పోయే కొత్త ట్రాక్టరు గుర్తొచ్చింది. మొదటి మలుపులోనే వెనక భాగం నీళ్ల బిందె ఎత్తుకున్న మనిషి నడుంలా ఊగింది. తిరిగి వచ్చేసరికి రెండు నిమిషాల తొమ్మిది సెకన్లు. రెండో చాన్సు. రెండు నిమిషాల పదకొండు. మా ఆవిడ కళ్లు మూసుకుని "స్తోత్రం" అంది. నేను ఆమె వైపు గుర్రుగా చూశాను, తప్పంతా ఆ ప్రార్థనదే అన్నట్టు.

బిడ్డ దిగి హెల్మెట్ తీసింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుంది. కారు పక్కన నేల మీద కూలబడి తన అరచేతులు చూసుకుంది.

"బండి మంచిగనే ఉన్నది నాయినా. అన్ని కొలిచిన, అన్ని చూసిన. స్టీరింగు వణుకుతున్నదంటె నా చేతులే వణుకుతున్నయ్. నాకే చాతనైతలేదు. వాండ్లు నవ్వింది కరెక్టే."

ముప్పై ఒక్క ఏళ్లలో నేను బిగించిన ఏ చక్రమూ నన్ను ఆ మాటలా నిలదీయలేదు. ఇంకొక్క చాన్సు మిగిలి ఉంది. అది కూడా పోతే ఆ పిల్ల ఇక జన్మలో ఈ మాట ఎత్తదు. రేపటి నుంచి క్యాంటీన్‌లో తల వంచుకుని తింటుంది. మెకానిక్ నన్నే చూస్తున్నాడు, జేబులో నిమ్మకాయ పిసుకుతూ.

అప్పుడు నేను ముందుకు నడిచాను. బిడ్డ భుజం మీద చెయ్యి వేసి, "నీ చేతులల్ల ఏం లేదు బిడ్డా. తప్పు నాది. ఎనక టైర్లల్ల నీళ్లు కొట్టిన. నువ్వు ఎగిరిపోతవేమో అని భయమైంది" అన్నాను. చుట్టుపక్కల రేసువాళ్లు కూడా పని ఆపి విన్నారు. ఒక తండ్రి అట్లా ఒప్పుకోవడం వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

ఆ తర్వాత జరిగింది చాలా తొందరగా జరిగింది. మెకానిక్ ఒట్టు విడిపోయిన ఆనందంలో ఎగిరి జాకీ అందుకున్నాడు. చక్రాలు ఊడదీసి, గాలి నింపే మూతి కిందికి తిప్పి, లోపలి పిన్ను లాగితే నీళ్లు బోరు నుంచి వచ్చినట్టు ఎగజిమ్మాయి. పక్క జట్టు కుర్రాళ్లు గుమిగూడారు. ఒకడు ఫోనులో తీస్తూ, "అంకుల్, ఇది ఏం టెక్నాలజీ?" అని అడిగాడు.

"జహీరాబాద్ టెక్నాలజీ" అన్నాడు మెకానిక్. "దున్నెటందుకు."

"ఎవరు కనిపెట్టిన్రు?"

అతను నిమ్మకాయ ఉన్న చేత్తో నా వైపు చూపించాడు.

మా బిడ్డ గేజి తీసుకుని నాలుగు టైర్లకూ తనే గాలి పట్టింది, నన్ను ముట్టుకోనివ్వకుండా. హెల్మెట్ పెట్టుకుంది. బెల్టు బిగించుకుంది. మూడో చాన్సుకు పోయింది.

ఆ చుట్టు ఎట్లా గడిచిందో చెప్పమంటే చెప్పలేను. మలుపుల దగ్గర కారు కనబడదు, చప్పుడు మాత్రమే వస్తుంది. ఆ చప్పుడు ఆగితే నా ఊపిరి కూడా ఆగేది. వెనక భాగం ఊగలేదు. తేలిగ్గా ఉన్న కారు తేలిపోలేదు, నేలకు అతుక్కుని తిరిగింది. నా లెక్క తప్పని తెలిసి అంత సంతోషించిన రోజు నా జీవితంలో మరొకటి లేదు. బోర్డు మీద అంకె పడింది. ఒక నిమిషం యాభై తొమ్మిది. దాని వెనక చుక్క, చుక్క వెనక ఎనిమిది.

మెకానిక్ కన్నడంలో అరిచాడు. మా ఆవిడ మళ్లీ "స్తోత్రం" అంది. ఈసారి నేనూ అన్నాను.

మధ్యాహ్నం రేసులో మా బిడ్డ నిలబడింది. మూడో స్థానం వచ్చింది. ఊళ్లో అందరికీ నేను ఇట్లాగే చెప్పాను, అబద్ధం కాదు. ఎటు నుంచి మూడు అని ఎవరూ అడగలేదు. పదకొండు కార్లు, తొమ్మిదో స్థానం. ఒక కారు దారిలోనే ఆగిపోయింది, ఇంకొకటి గడ్డిలోకి పోయింది. ఆ రెండూ ఆమె వెనక.

కారు తలుపుకు అంటించిన రేసు నంబరు కాగితాన్ని మా బిడ్డ గోళ్లతో నెమ్మదిగా, చిరగకుండా ఊడదీసింది. అది ఇప్పుడు ఫ్యాక్టరీలో ఆమె టిఫిన్ డబ్బా మూత మీద ఉంది. మగపిల్లలు "అక్కా, వచ్చేసారి మమ్మల్ని కూడ తోల్కపో" అంటున్నారట. ముందు కొలతలు నేర్చుకోండి అందట.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక వరండాలో చదివి వినిపించాను. మా ఆవిడ, బిడ్డ ఇద్దరూ కారు వెనక సీటు మీద కూర్చుని విన్నారు. నిమ్మకాయ దగ్గర నవ్వారు. కాంటా దగ్గర నవ్వారు. నేను ముందుకు నడిచి భుజం మీద చెయ్యి వేసిన చోట గొంతు కొంచెం తగ్గించి, ఆగి ఆగి చదివాను. ఎవరూ కన్ను తుడుచుకోలేదు. అయిపోయాక కాగితాలు మడిచి, "ఎట్లున్నది?" అన్నాను.

బిడ్డ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు ఎప్పుడు ముంగటికి నడిచినవ్ నాయినా? నువ్వు లారీ ఎనక దాసుకున్నవ్. ఏదో తేడా ఉన్నదని నేనే పోయి గాలి చూద్దమని గేజి పెట్టిన. నీళ్లు నా మొకం మీద కొట్టినయ్. ఇవేం నీళ్లని అడిగితె ఏసీ నీళ్లన్నవ్."

"ఏసీ నీళ్లు అన్ననా?"

"మూడు సార్లు అన్నవ్. ఆ ఏసీ పీకి గోడకు పెట్టింది నువ్వే. చూడు, ఇంకా ఆడ్నే ఉన్నది."